వదులుకోవడం వేరు, వదిలేయడం వేరు



పోటీ పరీక్షలకు చదివే పిల్లలు ఇప్పుడు ప్రతి సంఘంలోనూ ఉన్నారు. వాళ్ళ చేతుల్లో ఉండే ఇంగ్లిష్ పుస్తకాలు ఎప్పుడైనా తిరగేశారా? అందులో సమానార్థక పదాల పట్టికలు ఉంటాయి. విత్‌డ్రా అనే మాటకు ఎదురుగా రిట్రీట్, రిట్రాక్ట్, రిసీడ్, రీకాంట్, రిజైన్, అబాండన్, డెసర్ట్ అని వరుసగా కనిపిస్తాయి. అన్నిటికీ కలిపి తెలుగులో "వెనక్కి తగ్గు, వదిలిపెట్టు" అని రాసుకుని పిల్లలు బట్టీ పడతారు. పరీక్షకు అది సరిపోతుంది. సరైన దానికి గుర్తు పెడితే మార్కు వస్తుంది.

కానీ బ్రతుకులో అలా బట్టీ పడితే కుదరదు. ఈ మాటలన్నిటినీ ఒకే గంపలో వేసుకోవడం వల్ల మన ఇళ్ళల్లో, మన సంఘాల్లో చాలా నష్టం జరుగుతోందని నా అభిప్రాయం. వెనక్కి తగ్గవలసినవాడు తగ్గడం లేదు. తగ్గకూడని మనిషిని మనమే చెయ్యి పట్టుకుని వెనక్కి లాగుతున్నాం. ఆ సంగతి చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

ముందు ఆ ఇంగ్లిష్ మాటల పుట్టుక చూద్దాం. విత్‌డ్రా అనేది రెండు ముక్కల మాట. డ్రా అంటే లాగడం. విత్ అంటే ఈరోజు మనకు తెలిసిన అర్థం "తో" అని. కానీ ఆ మాట పుట్టిన కాలంలో దానికి "ఎదురుగా, వెనక్కి" అనే అర్థం ఉండేది. అంటే విత్‌డ్రా అంటే వెనక్కి లాగడం. రిట్రీట్ లాటిన్‌లో పుట్టి ఫ్రెంచి మీదుగా వచ్చిన మాట. రిట్రాక్ట్ కూడా లాటిన్ మాటే. ఆ రెండింటి మూలార్థమూ వెనక్కి లాగడమే. మూడూ ఒకే పని పేర్లు. అయినా వాడుకలో మూడూ మూడు దారులు పట్టాయి. సైన్యం రిట్రీట్ అవుతుంది, అంటే ఉన్న చోటు నుంచి వెనక్కి వస్తుంది. మనిషి అన్న మాటను రిట్రాక్ట్ చేసుకుంటాడు. బ్యాంకులో డబ్బు, ఎన్నికల్లో నామినేషన్, కోర్టులో కేసు విత్‌డ్రా అవుతాయి.

మిగతావి ఇంకా చిత్రంగా ఉంటాయి. రీకాంట్ అంటే మూలంలో తిరిగి పాడటం, అంటే పాడిన పాటను తిరగేసి పాడటం. రిజైన్ అంటే వేసిన ముద్రను విప్పడం. డెసర్ట్ అంటే కలిపి ఉన్నదాన్ని విడగొట్టడం. ఎడారికి ఇంగ్లిషులో ఉన్న పేరు కూడా ఆ మూలం నుంచే వచ్చింది, అక్షరాలు కూడా అవే. వదిలేసిన మనిషీ ఎడారీ ఒకే మాటలో ఉండటం నాకైతే యాదృచ్ఛికంగా అనిపించదు. భర్త వదిలేసిన ఇంటి ముందు ఒక్క క్షణం నిలబడి చూడండి, మీకే తెలుస్తుంది.

మాట తేడా అంటే పండితుల గొడవ అని కొందరు అనుకుంటారు. అది నిజం కాదు. 2016 నవంబరు 8 రాత్రి 500, 1000 రూపాయల నోట్లకు చట్టబద్ధమైన చెల్లుబాటు తీసేశారు. దాన్ని మనం నోట్ల రద్దు అన్నాం. 2023 మే 19న రిజర్వు బ్యాంకు 2000 రూపాయల నోటును చలామణీ నుంచి వెనక్కి తీసుకుంటున్నట్టు ప్రకటించింది, చెల్లుబాటు మాత్రం తీసేయలేదు. దాన్ని పత్రికలు ఉపసంహరణ అని రాశాయి. రద్దుకూ ఉపసంహరణకూ తేడా తెలిసినవాడు నిదానంగా బ్యాంకుకు వెళ్ళి మార్చుకున్నాడు. తేడా తెలియని ముసలమ్మ మళ్ళీ ఆ రాత్రి వచ్చిందేమో అని బెదిరిపోయింది. నోటు విషయంలోనే మాట తేడా ఇంత పని చేస్తే, మనుషుల విషయంలో ఎంత చేస్తుందో ఆలోచించండి.

ఇంతకీ మన తెలుగు తక్కువదేమీ కాదు. తప్పుకోవడం, తప్పించుకోవడం ఒకటి కాదు. మాట వెనక్కి తీసుకోవడం, మాట తప్పడం ఒకటి కాదు. అన్నిటికంటే నాకు ఇష్టమైన జంట ఒకటుంది. వదులుకోవడం, వదిలేయడం. వదులుకోవడంలో "కొను" ఉంది. అంటే ఆ పని ఫలితం తిరిగి నా మీదికే వస్తుంది, పోయేది నాది. నా వాటా వదులుకున్నాను, నా పంతం వదులుకున్నాను అంటాం. వదిలేయడంలో ఆ "కొను" లేదు. తల్లిని వదిలేశాడు, పిల్లల్ని వదిలేశాడు అంటాం. నేను నడుచుకుంటూ వెళ్ళిపోతాను, నష్టం వెనక మిగిలినవాళ్ళది. పల్లెటూరి మనిషి వ్యాకరణం చదవకుండానే ఈ తేడా పాటిస్తాడు. "మా తమ్ముడి కోసం ఆ అరెకరం వదులుకున్నాను" అన్నవాణ్ణి ఊరు గౌరవిస్తుంది. "మా తమ్ముణ్ణి వదిలేశాను" అన్నవాణ్ణి ఊరు అలా చూడదు.

కాబట్టి ఎవరైనా వెనక్కి తగ్గినప్పుడు మనం అడగవలసినది, తగ్గాడా లేదా అని కాదు. ఆ తగ్గడం వల్ల నష్టపోయింది ఎవరు? ఈ ఒక్క ప్రశ్న చేతిలో పెట్టుకుని వాక్యంలోకి వెళదాం.

మత్తయి సువార్త 14వ అధ్యాయం తెరవండి. బాప్తిస్మమిచ్చు యోహానును చంపిన వార్త యేసు ప్రభువుకు చేరింది. ఆయన దోనె ఎక్కి ఏకాంతంగా అరణ్య ప్రదేశానికి వెళ్ళాడు. అక్కడ మత్తయి వాడిన గ్రీకు మాటకు వెనక్కి తొలగిపోవడం అని అర్థం. అదే మాటను మత్తయి చాలాసార్లు వాడాడు. శిశువును తీసుకుని ఐగుప్తుకు వెళ్ళినప్పుడు అదే మాట. పరిసయ్యులు ఆయన్ని చంపాలని ఆలోచన చేసినప్పుడు ఆయన అక్కడి నుంచి వెళ్ళిపోయిన చోట కూడా అదే మాట. దేవుని కుమారుడు చాలాసార్లు వెనక్కి తగ్గాడు. ఇది విని కొందరికి ఇబ్బందిగా ఉంటుంది, ఎందుకంటే మనం మీటింగుల్లో వెనక్కి తగ్గేదే లేదు అని కేకలు వేయడానికి అలవాటుపడ్డాం. కానీ ఆ అధ్యాయం ఇంకొంచెం ముందుకు చదవండి. జనం కాలినడకన ఆయన వెంట వచ్చేశారు. దుఃఖంలో ఏకాంతం వెతుక్కుంటూ వచ్చినవాడు ఆ జనాన్ని చూసి కనికరపడ్డాడు, రోగుల్ని బాగుచేశాడు, సాయంకాలానికి అన్నం పెట్టాడు. చోటును వదిలాడు గానీ మనుషుల్ని వదల్లేదు. రిట్రీట్ అంటే ఇది. మన యౌవనుల కూడికలకు రిట్రీట్ అని పేరు పెడతాం కదా, ఆ మూడు రోజులు కొండమీద పాటలు పాడుకుని ఇంటికి వచ్చాక అమ్మకు ఒక బిందె నీళ్ళు కూడా తేకపోతే అది ఏ కోవలోకి వస్తుందో యౌవనులు ఆలోచించుకోవాలి.

రెండవది వదిలేయడం. పౌలు భక్తుడు చెరసాలలో ఉండి తిమోతికి రాసిన రెండవ పత్రిక చివరి అధ్యాయంలో దేమా అనే మనిషి కనిపిస్తాడు. ఇహలోకాన్ని ప్రేమించి పౌలును విడిచి థెస్సలొనీకకు వెళ్ళిపోయాడు. ఇంగ్లిష్ బైబిళ్ళలో చాలావాటిలో అక్కడ డెసర్ట్ అనే మాటే ఉంటుంది. ముసలివాడై సంకెళ్ళలో ఉన్నవాణ్ణి చలికాలానికి ముందు వదిలి వెళ్ళాడు. నష్టం ఎవరిది? చెరసాలలో ఉన్నవాడిది. అయితే ఆ తరువాతి వచనంలోనే పౌలు మార్కును వెంటబెట్టుకుని రమ్మంటాడు, పరిచర్యకు అతను నాకు ప్రయోజనకరమైనవాడు అనే భావంతో. ఈ మార్కు ఎవరు? మొదటి సువార్త ప్రయాణంలో పంఫూలియ దగ్గర మధ్యలో వదిలేసి ఇంటికి వెళ్ళిపోయినవాడు. ఆ కారణంగానే పౌలు బర్నబాలు విడిపోయారు. చూశారా, వదిలేసినవాడికి కూడా తిరిగి వచ్చే దారి ఉంది. ఆ దారిలో పౌలు కూడా ఒక అడుగు వేశాడు. అతన్ని తీసుకెళ్ళను అన్న తన పాత మాటను పట్టుకుని కూర్చోలేదు.

ఇక మూడవది, అన్న మాటను వెనక్కి తీసుకోవడం. మన దగ్గర అసలు కరువు ఇక్కడే ఉంది. "నేను ఒకసారి అన్నానంటే అన్నట్టే" అని మీసం తిప్పేవాడిని మనం మగాడు అంటాం. వాక్యం ఏమంటోంది?

హేరోదు అలాంటి మగాడే. పుట్టినరోజు విందులో ఒక పిల్ల నాట్యం చేస్తే, అడిగింది ఇస్తానని ఒట్టు పెట్టుకున్నాడు. ఆమె యోహాను తల అడిగింది. మార్కు సువార్త రాసినదాని ప్రకారం అతను చాలా దుఃఖపడ్డాడు. అయినా తన ఒట్టు కోసం, పంక్తిలో కూర్చున్న పెద్దమనుషుల కోసం కాదనలేకపోయాడు. అతనికి పోయేది ఏమిటి? నలుగురిలో కొంచెం పరువు. ఆ కొంచెం పరువు వదులుకోలేక ఒక ప్రవక్త తలను పళ్ళెంలో పెట్టించాడు. మాట నిలబెట్టుకున్నాడు! అలాంటి మాట నిలబెట్టుకోవడాన్ని ఎవరు మెచ్చుకుంటారు?

ఇప్పుడు దావీదును చూడండి. నాబాలు అనే ధనవంతుడు దావీదు మనుషుల్ని అవమానించి పంపాడు. దావీదు నాలుగు వందల మందితో కత్తులు కట్టుకుని బయలుదేరాడు. తెల్లవారేసరికి ఆ ఇంట్లో ఒక్క మగవాణ్ణి కూడా మిగలనివ్వనని ఒట్టు పెట్టుకున్నాడు. దారిలో నాబాలు భార్య అబీగయీలు రొట్టెలూ ద్రాక్షపండ్ల గెలలూ గాడిదల మీద వేసుకుని ఎదురొచ్చింది. నిర్దోషుల రక్తం చిందించావనే బాధ రేపు నీకు ఉండకూడదు కదా అని బుద్ధి చెప్పింది. దావీదు ఏం చేశాడు? నాలుగు వందల మంది సాయుధుల ముందు, ఒక స్త్రీ చెప్పిన మాట విని, ఒట్టు పెట్టిన మాటను వెనక్కి తీసుకున్నాడు. ఆమె వివేకాన్ని దీవించి, సమాధానంగా ఇంటికి పంపాడు. హేరోదుకూ దావీదుకూ ఇద్దరికీ చూసే జనం ఉన్నారు, ఇద్దరికీ ఒట్టు ఉంది. ఒకడు పరువు నిలుపుకుని ప్రాణం తీశాడు. ఒకడు పరువు వదులుకుని ప్రాణాలు నిలిపాడు. మనకు రాజు అనిపించుకున్నది ఎవరో వేరే చెప్పాలా?

ఇంకా ఆశ్చర్యమేమిటంటే దేవుడు కూడా ఒక మాట వెనక్కి తీసుకున్నాడు. నీనెవె నాశనమవుతుందని యోనా ప్రకటించాడు. నీనెవె వాళ్ళు చెడు మార్గం మానుకున్నారు. చేస్తానన్న కీడు దేవుడు చేయలేదు. కోపం వచ్చింది యోనాకే. ప్రకటించిన మాట జరగకపోతే తన పరువు ఏం కావాలని కాబోలు. లక్షా ఇరవై వేలకు మించిన మనుషుల ప్రాణాల కంటే ఆయన మాట చెల్లుబాటే ఆయనకు ముఖ్యమైపోయింది. మనలో యోనాలు చాలామంది ఉన్నారు.

అలాగని ఏ మాటైనా వెనక్కి తీసుకోవచ్చా? లేదు. అక్కడే రీకాంట్ అనే మాట వస్తుంది. మన ప్రొటెస్టెంట్ చరిత్ర ఆ మాట చుట్టూనే తిరిగింది. 1521 ఏప్రిల్‌లో వర్మ్స్ పట్టణంలో చక్రవర్తి ముందు మార్టిన్ లూథర్‌ను నిలబెట్టి, నీ రాతలు వెనక్కి తీసుకుంటావా అని అడిగారు. ఆయన వెంటనే జవాబు చెప్పలేదు, ఒక రోజు గడువు అడిగాడు. మర్నాడు, లేఖనంతో గానీ స్పష్టమైన తర్కంతో గానీ ఒప్పిస్తే తప్ప వెనక్కి తీసుకోలేనన్నాడు. మనం ఆ తీసుకోలేను అన్నదాన్నే పట్టుకుంటాం. ఒప్పిస్తే తీసుకుంటాను అని తెరిచిపెట్టిన తలుపును చూడం. భయపెడితే మాట మార్చను, రుజువు చూపిస్తే మారుస్తాను అని దాని భావం.

ఇంగ్లాండులో ఆర్చిబిషప్ థామస్ క్రాన్మర్ కథ ఇంకోలా నడిచింది. మేరీ రాణి కాలంలో చెరలో పెట్టి ఒత్తిడి చేస్తే తన విశ్వాసాన్ని కాదంటూ కాగితాల మీద సంతకాలు చేశాడు. 1556 మార్చి 21న ఆక్స్‌ఫర్డ్‌లో అందరి ముందు అదే మాట చెప్పమని నిలబెట్టారు. ఆయన ఆ సంతకాలనే వెనక్కి తీసుకున్నాడు. వాటిని రాసిన కుడిచేతిని మంటలో ముందుగా పెట్టాడు. మొదటిసారి వెనక్కి తగ్గింది ప్రాణం దక్కించుకోవడానికి. రెండోసారి వెనక్కి తీసుకున్నది ప్రాణం వదులుకుంటూ. బయటి నుంచి చూస్తే రెండూ మాట మార్చడమే. లోపల ఒకదానికొకటి ఎంత దూరం!

మన దేశంలో కూడా ఒక ఉదాహరణ ఉంది. 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరాలో జనం పోలీసు స్టేషనుకు నిప్పు పెట్టి పోలీసుల్ని చంపారు. గాంధీ గారు సహాయ నిరాకరణ ఉద్యమాన్నే ఆపేశారు. మన గుంటూరు జిల్లా పెదనందిపాడు ప్రాంతంలో పర్వతనేని వీరయ్య చౌదరి గారి నాయకత్వంలో రైతులు పన్నులు కట్టకుండా గట్టిగా నిలబడిన రోజులవి. జైల్లో ఉన్న నాయకులు కూడా బాధపడ్డారు. ఆ నిర్ణయం సరైనదా కాదా అని ఇప్పటికీ వాదించుకుంటారు. నేను ఆ వాదంలోకి వెళ్ళను. ఒక్కటి మాత్రం చెబుతాను. వెనక్కి తగ్గే ఆ నిర్ణయం తనదేనని ఆయన ఒప్పుకుని నిలబడ్డాడు. నెపం ఇంకొకరి మీద పెట్టలేదు. నాయకుడు వెనక్కి తగ్గవలసి వస్తే అలా తగ్గాలి.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఇదే.

తాగి వచ్చి భార్యను కొట్టే మనిషి ఉంటాడు. ఎన్నో ఏళ్ళు ఓర్చుకుని ఒకరోజు ఆమె పోలీసు స్టేషనుకు వెళుతుంది. మర్నాటి ఉదయానికి పెద్దమనుషులు దిగుతారు. వాళ్ళతోపాటు సంఘ పెద్దలు, కొన్నిచోట్ల పాస్టరు కూడా. అందరూ ఆమెతో చెప్పేది ఒకటే. "కేసు వెనక్కి తీసుకో తల్లీ. క్షమించాలి కదా. సంసారం గుట్టు." ఆమెకు వాక్యం చూపిస్తారు, ప్రార్థన చేస్తారు, కాగితం మీద వేలిముద్ర వేయిస్తారు. అతనితో మాత్రం ఎవరూ ఏమీ వెనక్కి తీసుకొమ్మనరు. పది మందిలో ఆమెను అన్న మాట, ఎత్తిన చెయ్యి, తాగి తగలేసిన కూలిడబ్బు, వీటిలో ఒక్కటి కూడా అతను వెనక్కి తీసుకోడు. పొలం గట్టు జరిపిన ఆసామి గట్టు వెనక్కి జరపడు, ఫిర్యాదు చేసిన బీదవాడు మాత్రం ఫిర్యాదు వెనక్కి తీసుకోవాలి. కులం పేరుతో తిట్టినవాడు తిట్టు వెనక్కి తీసుకోడు, తిట్టు పడ్డవాడు మాత్రం కేసు వాపసు తీసుకోవాలి.

ప్రియులారా, దీన్ని మనం సమాధానం అంటున్నాం. ఇది సమాధానం కాదు. బలహీనుల చేత విత్‌డ్రా చేయించి, బలవంతులకు రిట్రాక్ట్ చేసే పని లేకుండా చేయడం. వదులుకోవడం గొప్పదే, కానీ అది ఎవరికి వారు మనసారా చేస్తేనే గొప్పది. ఇంకొకరి మెడ మీద చెయ్యి పెట్టి వదులుకో అనేవాడు ఆ మనిషిని నిజానికి వదిలేస్తున్నాడు. క్షమాపణ ఆమె హృదయంలో దేవుడు చేసే పని, దానికి పోలీసు స్టేషను కాగితంతో ముడిపెట్టే అధికారం మనకు లేదు. ఆమె క్షమించి కూడా కేసు నడుపుకోవచ్చు. జక్కయ్యను గుర్తు చేసుకోండి. ప్రభువు ఇంటికి వచ్చిన రోజున అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు తిరిగి ఇస్తానన్నది జక్కయ్య. నష్టపోయినవాళ్ళను పిలిచి, బాకీ మరిచిపోండి అని ప్రభువు చెప్పలేదు.

సంఘ పనిలో ఉన్నవారికి ఇంకో మాట. కమిటీలో మాటా మాటా పెరిగితే కోశాధికారి తాళాలు బల్ల మీద పడేసి వెళ్ళిపోతాడు, నేను రిజైన్ చేశాను అంటాడు. అది రిజైన్ కాదు. లెక్కలు అప్పగించి, రశీదు పుస్తకాలు చూపించి, తరువాతివాడికి పని నేర్పి తప్పుకుంటే అది రిజైన్. మధ్యలో తాళాలు విసిరితే అది దేమా పనే.

ఇలా ఏ మాటకు ఆ మాట విడిగా పెట్టుకుంటే మన నడక స్పష్టమవుతుంది. ప్రమాదం ఉన్న చోటి నుంచి తొలగిపోవడం పిరికితనం కాదు. కొట్టే ఇంటి నుంచి పిల్లల్ని తీసుకుని పుట్టింటికి వెళ్ళిన తల్లి సంసారాన్ని డెసర్ట్ చేయలేదు, ఐగుప్తుకు వెళ్ళినవాళ్ళలాగే చేసింది. తప్పుగా అన్న మాటను వెనక్కి తీసుకోవడం ఓటమి కాదు. భయానికి సత్యాన్ని వదిలేయడం మాత్రం చేయకూడదు. మన మీద ఆధారపడ్డవాళ్ళను వదిలేయడం అసలే చేయకూడదు.

పాత నిబంధనలో మారుమనస్సుకు ప్రవక్తలు ఎక్కువగా వాడిన హెబ్రీ మాటకు అర్థం చాలా మామూలుది. తిరుగు, తిరిగి రా అని. అంటే వెనక్కి రావడమే! మన విశ్వాసం మొదలైందే వెనక్కి తిరగడంతో అయితే, వెనక్కి తగ్గేదే లేదు అనే మాట మన నోట ఎలా వస్తుంది?

ఈ వారం ఒక పని చేయండి. పెద్దవాళ్ళు, మగవాళ్ళు, ఆస్తి ఉన్నవాళ్ళు, సంఘంలో అధికారం ఉన్నవాళ్ళు, నాతో సహా పాస్టర్లు, మనకంటే చిన్నవాళ్ళను అన్న మాటల్లో ఒక్కటి వెనక్కి తీసుకుందాం. ఎవరి ముందు అన్నామో వాళ్ళ ముందే. ఇంట్లో అంటే ఇంట్లో, రచ్చబండ దగ్గర అంటే రచ్చబండ దగ్గరే. ఈలోగా ఎవరైనా వచ్చి ఫలానా ఆమెతో కేసు వాపసు తీయించండి అయ్యగారూ అని అడిగితే, అతను ఏమేమి వెనక్కి తీసుకుంటున్నాడో ముందు చెప్పమని అడగండి.

ప్రభువు మిమ్మును దీవించును గాక. ఆమేన్.